నిలబడని గీతలు

ఈ వృత్తాంతం నాకు ఇద్దరి ద్వారా తెలిసింది. మొదట చెప్పినవాడు కందాళ మురారి. సికింద్రాబాదులో మేమిద్దరం ఒకే కళాశాలలో ఆంగ్లం బోధించేవాళ్ళం. పరీక్ష పత్రాలు దిద్దే గదిలో కూర్చుని, రెండు మధ్యాహ్నాల పాటు, తన తప్పును ఏమాత్రం తగ్గించుకోకుండా చెప్పాడు. కొన్నేళ్ళ తరువాత అతని తల్లి ఆండాళమ్మగారు అదే సంగతిని తమ ధోరణిలో మరోసారి చెప్పారు. రెండు కథనాలకూ తేడా ఒక్కటే. ఆ సాయంత్రం వారింటికి వచ్చిన పెద్దమనిషి కాఫీ తాగారని మురారి అంటాడు; తాగలేదు, చల్లారిపోనిచ్చారని ఆమె అంటారు. ఆ విషయంలో నేను ఆమె మాటే నమ్ముతున్నాను.

ఆ పెద్దమనిషి ఎబినేజరు దాసుగారు. ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించేవారు. నగరంలోని ఒక ఆంగ్ల దినపత్రికలో ముప్పై ఏళ్ళుగా పాశ్చాత్య సంగీతం మీద వారం వారం ఒక శీర్షిక రాసేవారు. చూపు మందగించాక దానిని మురారికి అప్పగించదలచి, రెండేళ్ళుగా తర్ఫీదు ఇస్తున్నారు. ఆయన పద్ధతి వేరు. శిష్యుడి రాతలో ఒక్క అక్షరమైనా మార్చేవారు కారు. అనుమానం కలిగిన వాక్యం కింద పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి తిరిగి ఇచ్చేవారు. ఎందుకు చుట్టారో మురారి తానే కనుక్కోవాలి.

అప్పటికి మురారి ముందున్న పని డెరిక్ రోడ్రిక్స్ కొత్త ఆల్బం మీద సమీక్ష.

డెరిక్‌ది లాలాగూడ, రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు కొడుకు. ఇరవై ఆరవ ఏట ‘నార్త్ క్యాబిన్’ అనే రాక్ ఆల్బం చేశారు. కొన్ని వందల రికార్డులే అచ్చయినా, విన్నవాళ్ళెవరూ దానిని మరచిపోలేదు. ఆ తరువాత ముప్పై ఆరేళ్ళలో మరో ఆరు ఆల్బములు చేశారు. వచ్చిన ప్రతిదాన్నీ జనం మొదటిదాని పక్కన నిలబెట్టి, పొడవు చాలలేదని పంపేశారు. ఏడవదాని పేరు ‘ఓల్డ్ స్టీమ్’. అందులో ఆయన, అరవై రెండేళ్ళ వయసులో, మొదటి ఆల్బములోని పేరు మోసిన పాటనే తిరిగి పాడారు.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి. ఎన్నో ఏళ్ళ కిందట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వేదిక దిగుతూ, డెరిక్ దాసుగారి భుజం మీద చెయ్యి వేశారట. తాను పాడకూడని రోజు వస్తే స్నేహితులెవరూ చెప్పరనీ, శీర్షికలో రాస్తే ఆ రోజే గిటారు పెట్టెలో పెట్టేస్తాననీ అన్నారట. డెరిక్ అన్న మాట మీద నిలబడే మనిషి. ఆ సంగతి మురారికి బాగా తెలుసు.

తెలిసే రాశాడు. నాలుగు పుటల సమీక్ష. పాత రికార్డునూ కొత్త సీడీనీ వెంట వెంట విని, గిటారు మీద సరిచూసుకున్నాడు. డెరిక్ తన పాటను అర స్వరం కిందికి దించుకున్నారు. నడక కూడా మందగించింది. గొంతు అందక శ్రుతినీ, ఊపిరి చాలక వేగాన్నీ తగ్గించుకున్న గాయకుడు ఆ మాట శ్రోతకు చెప్పకుండా దాచాడని నిరూపించాడు. చివరి వాక్యం ఇది: “ఆయన ఇక పాడకుండా ఉండడమే ఆ పాటకు మిగిలిన మర్యాద.”

ద్వేషంతో రాసినది కాదు. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసిన తండ్రి శేషాచార్యులుగారు పోతూ పోతూ మిగిల్చిన నాలుగు వస్తువులలో ఆ రికార్డు ఒకటి. దాని పరువు కాపాడుతున్నాననే అతడు అనుకున్నాడు.

దాసుగారు భూతద్దం పట్టుకుని ఆ పుటలను రెండుసార్లు చదివారు. ఒక్క సున్నా కూడా చుట్టలేదు. రెండేళ్ళలో అలా జరగడం అదే మొదలు. మురారి సంతోషాన్ని అణచుకుని, పత్రికకు పంపమంటారా అని అడిగాడు.

“నార్త్ క్యాబిన్ నువ్వు ఎక్కడ విన్నావు?”

“ఇంట్లోనే సర్. నాన్నగారి రికార్డు, నాన్నగారి ప్లేయరు. ఊహ తెలిసినప్పటి నుంచీ అదే.”

“ఇంకెక్కడా వినలేదా?”

“ఆ అవసరం రాలేదు సర్. నిద్రలో లేపి అడిగినా ప్రతి గమకమూ చెప్పగలను.”

అయితే సాయంత్రం మీ ఇంటికి వస్తానన్నారు దాసుగారు.

వచ్చారు. ఆండాళమ్మగారు కాఫీ ఇచ్చారు. మురారి రికార్డును అట్టలోంచి తీయబోతే దాసుగారు వారించారు. చొక్కా జేబులోంచి మడతలేని ఒక కాగితపు బిళ్ళ తీసి, ప్లేయరు పళ్ళెం మీద పెట్టి, తిప్పమన్నారు. బిళ్ళ అంచు చుట్టూ సన్నని నల్లగీతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పళ్ళెం సరైన వేగంతో తిరిగితే, ట్యూబులైటు వెలుగులో ఆ గీతలు కదలక నిలబడినట్టు కనిపిస్తాయి. వేగం ఎక్కువైతే ముందుకు, తక్కువైతే వెనక్కు నడుస్తాయి. ఇటువంటిది ఉంటుందని మురారి చదివాడు గాని, ఎన్నడూ తన ప్లేయరు మీద పెట్టి చూడలేదు.

“నాకు చూపు ఆనదు. నిలబడ్డాయా?” అని అడిగారు దాసుగారు.

మురారి చాలాసేపు చూశాడు. “లేదు సర్.”

“ఎటు పోతున్నాయి?”

“ముందుకు.”

మురారి ప్లేయరు ఆపి, పళ్ళెం పైకి ఎత్తాడు. లోపల మోటారు ఇరుసుకు, బెల్టు తగిలే చోట, కరెంటు తీగలకు చుట్టే నల్లటేపు రెండు చుట్లు చుట్టి ఉంది. ఆ లావుకే పళ్ళెం వేగమూ, దానితో పాట శ్రుతీ పెరిగాయి. ఆ టేపు ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలియదు. గుమ్మంలో నిలబడిన తల్లికి తెలుసు.

“బెల్టు జారిపోతోందని మీ నాన్న చుట్టారు. కత్తెరతో కోసి ఇచ్చింది నేనే. నువ్వప్పుడు చంకలో పిల్లవాడివి,” అన్నారు ఆండాళమ్మగారు. ఆ మీదట ఆమె దాసుగారి వైపు తిరిగారు. “ఆ తరువాత పాటలు తొందరగా అయిపోతున్నాయండీ అన్నాను. వంటింట్లోంచి నీకేం తెలుస్తుందే అన్నారు. సరే, నాకేం తెలుస్తుందిలే అని ఊరుకున్నాను.”

దాసుగారు నవ్వారు. మురారి నవ్వలేకపోయాడు.

“తీసెయ్యమని నేననను, అది మీ నాన్నగారు చుట్టినది,” అన్నారు దాసుగారు.

మురారి ఇరుసు మీద వేలు పెట్టి తడిమి చూశాడట. తరువాత గోటితో టేపు చివర లేపి, మెల్లగా విప్పాడు. జిగురు తుడిచి, బెల్టు తొడిగి, పళ్ళెం తిప్పాడు. గీతలు నిలబడ్డాయి.

అప్పుడు రికార్డు పెట్టాడు. ఇరవై ఆరేళ్ళ డెరిక్ గొంతు వినిపించింది. అది అతనికి తెలిసిన గొంతు కాదు. బరువుగా, నిదానంగా, లోతుగా ఉంది. సీడీలో ఏ శ్రుతిలో పాడారో అదే శ్రుతి. ఇంచుమించు అదే నడక. గిటారు తీసి సరిచూసుకోవలసిన పని లేకపోయింది. చిన్నతనమంతా తనతో ఉన్న ఆ చురుకైన కుర్రవాడు ఆ రికార్డులో ఎక్కడా లేడు.

పాట అయిపోయింది. సూది లోపలి గాడిలో పడి గరగరమంటోంది. మురారి సూది ఎత్తి పక్కన పెట్టాడు.

“అయితే సర్, కొత్త పాట పాతదానికి ఏమీ తీసిపోలేదన్నమాట.”

దాసుగారు చేతికర్ర కోసం తడుముకుంటూ లేచారు.

“ఏమో నాయనా. నువ్వింకా కొత్తదాన్ని వినలేదు కదా.”

ఆ వారం శీర్షికలో సమీక్ష రాలేదు. మూడు వారాల తరువాత వచ్చింది. మూడు పాటలలో ఊపిరి చాలలేదని మురారి దాపరికం లేకుండా రాశాడు. ఒక పాటను మాత్రం అరవై దాటనివారు పాడలేరని రాశాడు. మొదటి ప్రతిలోని ఆ చివరి వాక్యం లేదు. దాసుగారు ఆ ప్రతిలో రెండు చోట్ల సున్నా చుట్టారు.

డెరిక్ రోడ్రిక్స్ పత్రికకు ఫోను చేసి, ఆ మూడింటిలో ఒక పాట గురించి అరగంట వాదించారట. తరువాత మరో రెండు ఆల్బములు చేశారు. డెబ్బై ఒకటవ ఏట, మూడవదానికి పాటలు రాస్తుండగా కన్నుమూశారు. దాసుగారు అంతకు ముందే పోయారు. చివరి రోజులలో చూపు పూర్తిగా పోయినా, ఆర్గన్ మానలేదు. కాగితపు బిళ్ళ మురారికి ఇచ్చారు. మురారి ఆ శీర్షికను పదకొండేళ్ళు, పత్రికవారు ఆ పుటనే తీసివేసేవరకు రాశాడు.

ఆండాళమ్మగారు ఈనాటికీ ఉన్నారు. ఏటా శేషాచార్యులుగారి తిథి నాడు, భోక్తలు వెళ్ళిపోయాక, మురారి ప్లేయరు పళ్ళెం ఎత్తి, ఇరుసుకు నల్లటేపు రెండు చుట్లు చుట్టి, ఆ ఒక్క పాట తల్లికి వినిపిస్తాడు. తరువాత విప్పేస్తాడు. టేపు ఏటికేడు కొత్తది. కోసి ఇచ్చేది మాత్రం ఆమే.