పాలకోక తల్లి, ఆరిపోయిన అడుగుల కోక

పొదలపల్లి బస్టాండులో దిగి "పాలకోకమ్మ గుడికి" అంటే చాలు, ఆటోవాళ్ళు కాగులకోన దాకా కబుర్లు చెబుతూ తీసుకువస్తారు. దారిలో వారు చెప్పే కథలో సగం నిజం, మిగతా సగం దారి బాగుండనందువల్ల పుట్టినది. పూర్తి కథ కోరే భక్తుల కోసం ఈ చిన్న పుస్తకం. దీన్ని రాస్తున్న నేను ముప్పై రెండేళ్ళు హైస్కూలులో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి, ఇప్పుడు ఆలయ కమిటీలో ఉన్నాను.

మూడు వైపులా కొండలు, నడుమ ఏరు, ఏటి ఒడ్డున గుడి. ముందు పదహారు స్తంభాల మండపం ఉంది. దాని కప్పు మీద పూర్వకాలపు రంగుల బొమ్మలు నేటికీ చెక్కుచెదరలేదు. గర్భగుడిలో అమ్మవారు మూరెడెత్తు నల్లరాతి విగ్రహంగా కొలువై ఉన్నారు. ఆలయానికి తూర్పున, మూడు రాళ్ళ పొయ్యి మీద, నలుగురు పట్టి ఎత్తాల్సిన రాగి కాగు కనబడుతుంది. అది ప్రసాదం వండే పాత్ర కాదు. దయచేసి అందులోకి తొంగిచూసి పులిహోర ఎప్పుడని అడగవద్దు.

తొలిసారి వచ్చినవారికి ఇక్కడ రెండు సందేహాలు కలుగుతాయి. తక్కిన ఊళ్ళ అమ్మవార్లు ఎర్రపట్టులో, పచ్చపట్టులో మెరిసిపోతుంటే, ఈ తల్లి జాతర సాయంత్రం తప్ప ఏడాది పొడవునా అంచు కూడా లేని పాలరంగు నూలుకోక ఎందుకు కడుతుంది? ఇది మొదటిది. వైశాఖ జాతర నాడు జనమంతా గోవిందలు కొట్టకుండా "వచ్చింది తల్లీ, వచ్చింది!" అని ఎందుకు అరుస్తారు? ఇది రెండవది. బస్సు వచ్చిందనుకొని చెప్పులు వెతుక్కున్న భక్తులూ ఉన్నారు. ఈ రెండు సందేహాలకూ సమాధానం ఒక్కటే.

పూర్వం ఇక్కడ అద్దకం పనివారి ఇళ్ళు నలభై దాకా ఉండేవి. ఏటి నీటిలో రంగు బాగా పండుతుందని వారు ఈ కోనలో స్థిరపడ్డారు. అమ్మవారిని అప్పట్లో ఏటిగట్టు అమ్మ అనేవారు. పెంచలయ్య అనే గురువు వద్ద పదిమంది శిష్యులు పని నేర్చుకునేవారు. ఏడేళ్ళు నేర్చుకున్న తరువాత శిష్యుడు జాతర నాటికి ఐదు కోకలు సొంతంగా రాయాలి. మన వాళ్ళు బట్ట మీద బొమ్మ గీయడాన్ని రాయడం అనే అంటారు. పెద్దలు ఆ ఐదింటినీ మెచ్చితే శిష్యుడికి సొంత కలం ఇస్తారు. మెచ్చకపోతే కలం లేదు.

ఆ ఐదు కోకల గురించి పెంచలయ్య చెప్పే మాట ఒకటే. "ఐదూ ఒక దండెం మీద ఆరేస్తే, దారినపోయేవాడికి గూడా ఇవి ఒక తల్లి పిల్లలని తెలియాల. ఐదూ ఒకే మొగంతో ఉంటే మాత్రం అది కవలల పురుడు, మనకొద్దు."

ఆ శిష్యులలో నాంచారి అనే పిల్ల ఒకతె. అంతకు ముందు ఆడపిల్లకు కలం ఇచ్చిన ఆనవాయితీ లేదు. ఆమె తల్లి రవణమ్మ పనివారి గుడ్డలను ఏటిలో ఉతికి బతికింది. నాంచారికి ఆరో ఏట రవణమ్మ జ్వరంతో పోయింది. ఆ ఉతుకుడు పనినే అమ్మమ్మ కొనసాగిస్తూ పిల్లను సాకింది. పిల్ల చేతిలో గీత ఉందని గుర్తించి పెంచలయ్య పనిలో చేర్చుకున్నప్పుడు ఊరిపెద్ద కొండప్ప ఒక షరతు పెట్టాడు. "సరే, ఏడేళ్ళకు చూద్దాం. ఈ పిల్ల ఓడిపోతే ఇంక ఈ కోనలో ఏ ఆడపిల్లా కలం మాట ఎత్తగూడదు." పెంచలయ్య తల ఊపాడు. ఆ విధంగా నాంచారి ఒక్కతె చేతిలో, ఇంకా పుట్టని ఆడపిల్లల కలాలు కూడా ఉండిపోయాయి.

గడువు నలభై రోజులు. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరవేసిన ఐదు పాలకోకలను గురువు ఆమెకు ఇచ్చాడు. అవి తప్ప వేరే గుడ్డ లేదు. కాబట్టి నాంచారి మొదట పలక మీద బొగ్గుతో నమూనాలు గీసింది. మండపం కప్పు మీది హంసలను గీసి చూపింది.

"బాగుండాయి. ఎవరివి?" అన్నాడు పెంచలయ్య.

"మండపానివయ్యా."

"మరి నీవి ఎప్పుడు చూపిస్తావు?"

మరుసటి వారం ఏనుగుల వరుస తెచ్చింది. ఆ తరువాత రథాలు తెచ్చింది. గురువు బాగున్నాయనే అన్నాడు, ఎవరివనే అడిగాడు. శిష్యులకు తిట్టే గురువు కంటే ఇలా మెత్తగా అడిగే గురువు వల్లే ఎక్కువ భయం. నాంచారికి అన్నం సయించలేదు. జాతరకు నాలుగు రోజులే మిగిలాయి. కోకలు ఐదూ మడత విప్పకుండా అలాగే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ఆమె ఏటి ఇసుకలో గుడ్డలకు కాపలా కూర్చొని కునికిపాటు పడింది. కలలో అమ్మవారు పెద్ద ముత్తయిదువ రూపంలో కనబడి, నడుముకు కొంగు బిగించుకుంటూ ఇలా సెలవిచ్చారట.

"ఏమే, నా గుడి బొమ్మలు నాకే చూపిస్తావా? అవి రోజూ చూస్తానే ఉండాను గదా. అంచుకు కావాలంటే నా కప్పు మీది తీగ తీసుకో, కాదనను. ఒంటికి మాత్రం నాకు తెలియనిది తే. నువ్వు చూసి, నేను చూడంది."

నాంచారి ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. సరిగ్గా అప్పుడే అమ్మమ్మ ఏటిలోంచి తడి గుడ్డల మూటతో బండ మీదికి ఎక్కి వస్తోంది. కాలే బండ మీద ఆమె తడి అడుగులు పడుతున్నాయి. ముందు అడుగు పడేలోగా వెనుక అడుగు ఆరిపోతోంది. చూస్తుండగా నాంచారికి పన్నెండేళ్ళ కిందటి బండ గుర్తుకు వచ్చింది. రవణమ్మ ముందు నడిచేది. వెనుక ఈ పిల్ల, అమ్మ తడి అడుగు ఆరిపోకముందే అందులో తన పాదం పెట్టాలని పరుగెత్తేది. కాలు కాలకుండా పిల్లలు ఆడే ఆట అది. ఆ ఆటను అమ్మవారు చూడలేదు. గుడి తలుపు తూర్పుకు, బండ పడమటికి.

ఆమె లేచి పటిక నీళ్ళు కలుపుకొని, ఐదు కోకలనూ ఇసుకలో పరిచి, కలం పట్టింది. ఆ పూట, మరుసటి పూట, ఆ మరుసటి పూట కూడా తల ఎత్తలేదు, రాసిన వైపు వెనక్కి తిరిగి చూడలేదు. మండపం తీగను అంచులకు తెచ్చుకుంది. కోక ఒంటి నిండా అమ్మ అడుగులు రాసింది. ఏటికి దిగే అడుగులు ఒక కోక. మూట దించిన చోటి గుండ్రటి తడి మరక ఇంకొకటి. అడుగుల పక్కన ఈడ్చుకుపోయిన తడి కుచ్చెళ్ళ గీత మూడవది. పెద్ద పాదంలో చిన్న పాదం నాలుగవది. ఐదవ దానిలో చిన్న పాదాలే ఉన్నాయి. వాటి ముందు, మడమ ఆరిపోయి వేళ్ళు మాత్రం మిగిలిన పెద్ద అడుగు ఒక్కటుంది. రాస్తూ ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే గీత మాత్రం వంకర పోనివ్వలేదు.

పని ముగించి కోకలు ఎత్తి చూసుకున్నప్పుడు ఆమెకు ఒక్క గీతా కనబడలేదు. పటిక నీటికి రంగు లేదు. అందుకే పనివారు అందులో చిటికెడు ఎర్రమట్టి కలుపుతారు. రాసిన గీత కంటికి కనబడడానికే ఆ మట్టి, తరువాత ఏటి నీటిలో అది పోతుంది. నాంచారి తొందరలో మట్టి కలపడం మరచిపోయింది. తడి ఉన్నంతసేపూ గీత కనబడింది, ఎండకు ఆరగానే మాయమైంది. ఐదు కోకలూ గురువు ఇచ్చిన నాటి పాలకోకల్లాగే ఉన్నాయి. మట్టి ఇప్పుడు కలిపి తిరిగి రాద్దామన్నా, ఏ గీత ఎక్కడుందో ఆమెకే తెలియదు.

జాతర ఉదయం మండపంలో పెద్దలు కూర్చున్నారు. ఆచారం ప్రకారం ముందు వారు రాత చూడాలి, మెచ్చితేనే చిరివేరు వేసిన కాగులో కోకను ఉడికించాలి. ఆ వేరు కాగితేనే పటిక పడిన చోట ఎరుపు పండుతుంది. ఏడాదికి ఒక్క కాగుకు సరిపడా వేరు దొరకడమే గగనమైన రోజులవి. కొండప్ప మొదటి కోక విప్పాడు. రెండవది విప్పాడు. ఐదూ విప్పాడు.

"ఇందులో ఏమీ లేదు గదమ్మా. ఏడేళ్ళు నేర్చింది ఉత్త గుడ్డ మడత పెట్టడమా?"

జనం నవ్వారు. నాంచారి ముందుకు వచ్చింది. "రాసినాను సామీ. మట్టి కలపడం మరిచినాను."

"మరిచినావా, రాయనే లేదా? దీనికోసం వేరు తగలేస్తామా?"

పెంచలయ్య లేచి వచ్చాడు. ఆయన కోకను వెలుగుకు పట్టి చూడలేదు. అంచు దగ్గర కొస తీసుకొని నాలుకకు తాకించాడు. ఇంకోచోట తాకించాడు. కొంచెం పక్కన మళ్ళీ తాకించాడు. కరక్కాయ వగరు వేరు, పటిక వగరు వేరు. నలభై ఏళ్ళుగా ఆ రెంటి మధ్యే బతికిన నాలుక అది.

"ఇక్కడుంది. ఇక్కడ లేదు. మళ్ళా ఇక్కడుంది," అన్నాడు. "అంటే గీత నడస్తా ఉండాది. ఏం గీతో నాకూ తెలీదు. పొయ్యి రాజెయ్యండి. చెడితే నా ఇంట్లో ఉండే వేరంతా తెచ్చి ఇస్తా."

కోకలను ఏటిలో జాడించి కాగులో వేశారు. వాటిని జాడించినది నాంచారి అమ్మమ్మే. కాగు మరిగింది. ఎవరూ భోజనానికి కదలలేదు. నాంచారి మాత్రం మండపం స్తంభానికి ముఖం ఆనించుకొని నిలబడింది. మధ్యాహ్నం దాటిన తరువాత పెంచలయ్య కర్రతో ఒక కోకను పైకెత్తాడు.

మొదట అంచు పైకి వచ్చింది, దాని మీద ఎర్రని తీగ. జనం గుసగుసలాడారు. తరువాత ఒంటి భాగం వచ్చింది. ఒక అడుగు, ఇంకొక అడుగు, మందారం రంగులో, ఇప్పుడే తడి కాలితో ఎవరో నడిచి వెళ్ళినట్టు. అమ్మమ్మ దగ్గరకు వచ్చి వంగి చూసింది. ఆ అడుగులో చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది. రవణమ్మకు పుట్టుకతో అలాగే ఉండేది. ఆ ముసలిది ఒక్కసారిగా రెండు చేతులూ పైకెత్తింది.

"వచ్చింది తల్లీ! వచ్చింది! నా బిడ్డ వచ్చింది!"

పన్నెండేళ్ళుగా ఏ బండ మీదా ఆ అడుగు కనబడలేదు. ఆ కేక విని మండపమంతా అరిచింది. నాంచారి స్తంభం వదిలి కాగు దగ్గరకు వచ్చింది. ఐదు కోకలూ దండెం మీద ఆరేశారు. పెంచలయ్య చివరి దాకా నడిచి చూసి వెనక్కు తిరిగాడు.

"ఎవరివి?" అని అడిగాడు.

"నావయ్యా," అంది నాంచారి.

కొండప్పకు ఇంకా ఒక శంక ఉంది. మనిషి అడుగులున్న కోకను అమ్మవారికి ఎలా కట్టడం? నాంచారి తన కలను చెప్పింది. పూజారి విగ్రహం మీద రెండు వైపులా పువ్వు పెట్టి నమస్కరించి కూర్చున్నాడు. లేచేలోగా కుడివైపు పువ్వు రాలింది, తల్లి ఒప్పుకున్నట్టు. నాలుగవ కోకను, పెద్ద పాదంలో చిన్న పాదం ఉన్నదానిని, ఆ సాయంత్రం తల్లికి కట్టారు.

కొండప్ప మొండివాడే గాని చెడ్డవాడు కాడు. జనం ముందు అన్న మాటను జనం ముందే దిగమింగాడు. పాలకోకను చూసి ఏమీ లేదన్న తన తప్పుకు గుర్తుగా, ఇకపై జాతర సాయంత్రం తప్ప తల్లి ఏడాదంతా రాత లేని పాలకోకే కట్టాలని మొక్కుకున్నాడు. చూసే ప్రతివాడూ ఇందులో ఏముందో నాకు తెలియదు అనుకోవాలని ఆయన కోరిక. నాంచారికి కలం ఇచ్చాడు. ఆమె తరువాత ఆ కోనలో కలం పట్టిన ఆడవారి పేర్లు మండపం మెట్ల మీద చెక్కి ఉన్నాయి. తొక్కకుండా పక్కనుంచి ఎక్కగలరు.

నేడు కోనలో అద్దకం ఇళ్ళు ఆరే మిగిలినా ఆచారం మాత్రం పెరిగింది. దూరపు నగరాల ఫ్యాషన్ కాలేజీల పిల్లలు చివరి ఏడాది కలెక్షన్ మొదలుపెట్టే ముందు ఇక్కడికి వస్తారు. తొలి గుడ్డను ఇక్కడి కరక్కాయ పాలలో ముంచి, ఏటి ఇసుకలో కూర్చొని, మట్టి కలపని పటిక నీటితో తమ మనసులో ఉన్నది రాస్తారు. కాగు దిగేదాకా అదేమిటని ఎవరూ అడగకూడదు. తల్లిదండ్రులకూ, లెక్చరర్లకూ ఈ నియమం వర్తిస్తుంది. కాగు మరగకముందే కోకకు పేరు పెట్టకు అని మా కోనలో సామెత.

కిందటి జాతరకు హరిణాక్షి అనే అమ్మాయి వచ్చింది. కాలేజీలో తన నమూనాలను రెండుసార్లు తిప్పి పంపారట. ఇసుకలో మూడు గంటలు వంగి రాసి, ఆరిపోయిన గుడ్డను చూసి నా దగ్గరకు వచ్చింది.

"మాస్టారూ, ఏమీ రాకపోతే?"

నేను ముప్పై రెండేళ్ళలో ఎందరు పిల్లల కాగితాలు చూసి ఇందులో ఏమీ లేదు అన్నానో లెక్క లేదు. ఆ మాట నాలుక చివరికి రాకుండా కాపాడమని ఈ తల్లికి రోజూ మొక్కుతాను. ఆ అమ్మాయికి మాత్రం, "నాకు తెలియదమ్మా, చూద్దాం," అన్నాను.

కాగు దిగింది. గుడ్డ పైకి వచ్చింది. దాని మీద ఎర్రగా, ఒక పాత కుట్టుమిషను ముందు వంగి కూర్చున్న మనిషి వీపు, వరుసగా పదహారు సార్లు. వాళ్ళ నాన్న దర్జీ అని తరువాత తెలిసింది. కొన్ని గీతలు చెదిరాయి. చెదిరితే ఈ తల్లికి పట్టింపు లేదు, ఆ జాతర సాయంత్రం అదే కట్టుకుంది. ఆ పిల్ల నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఫోను చెవికి ఆనించుకుంది.

పాలకోక తల్లిని భక్తితో దర్శించి, ఏటి బండ మీద తడి కాళ్ళతో ఏడు అడుగులు నడిచినవారికి మనసులోని పని చేతికి వస్తుందని పెద్దల మాట. పిల్లల పని చూసి తొందరపడి నోరు జారినవారు అమ్మ ముందు ఒక్క నిమిషం మౌనంగా నిలబడితే ఆ దోషం పోతుంది. మధ్యాహ్నం బండ బాగా కాలుతుంది, చూసుకొని నడవండి. వెనుక నుంచి ఎవరైనా పిల్లలు మీ తడి అడుగుల్లో కాలు పెడుతూ వస్తుంటే, కాస్త నెమ్మదిగా నడవండి.