వెనక్కి పంపే తిరుగుచూపులమ్మ

రేగులగుట్ట మీద వెలసిన తిరుగుచూపులమ్మ దర్శనానికి వచ్చే భక్తులకు ముందుగా ఒక మనవి. ఇక్కడి పూజారి కొబ్బరికాయ అందుకునే ముందు మీ గోత్రం అడగడు, పేరు అడగడు. "ఇంట్లో నోరులేనివాళ్ళకు నీళ్ళు పెట్టి వచ్చారా?" అని అడుగుతాడు. కుక్క కావచ్చు, పిల్లి కావచ్చు, పంజరంలో చిలుక కావచ్చు. పెట్టలేదంటే తీర్థం ఇవ్వడు, తిరుగు బస్సు ఎక్కమంటాడు. ఎంత పెద్దవారికైనా ఇదే పద్ధతి. కొత్తగా వచ్చినవారు ఇదేం చోద్యమని ముక్కున వేలేసుకుంటారు గానీ, సంగతి తెలిశాక చేతులెత్తి మొక్కుతారు.

పూర్వం ఇక్కడ గుట్ట కింద నేతగాళ్ళ ఇళ్ళు ఇరవై దాకా ఉండేవి. అందులో ఒకటి లసుమవ్వది. ఆమె కూతురు నీలవ్వకు ఐదేళ్ళు. గలగలా మాట్లాడే ఆ పిల్లకు ఒక చలికాలం విషజ్వరం తగిలి మాట పడిపోయింది. ఎన్ని పసర్లు పోసినా నోరు పెగలలేదు. తోటి పిల్లలు కొన్నాళ్ళు జాలిపడి, తర్వాత విసుగుపుట్టి ఆటకు పిలవడం మానేశారు. విసుక్కోకుండా పక్కన కూర్చున్నది వాళ్ళ కుక్క బొల్లిగాడు ఒక్కడే. పొద్దస్తమానం ఆ పిల్ల దాని మెడ చుట్టూ చేతులు వేసుకుని ఉండేది.

చివరికి లసుమవ్వ గుట్టమీది తల్లికి ఐదు మంగళవారాలు మొక్కుకుంది. ఆ మొక్కు ఆషామాషీ కాదు. తెల్లవారేసరికి ఇంట్లో నిలవనీరు చుక్క లేకుండా పారబోసి, కుండలన్నీ బోర్లించాలి. పస్తుండి, బిడ్డను చంకనెత్తుకుని, గుట్ట చుట్టూ ఐదుసార్లు తిరిగి పైకెక్కాలి. గడప దాటాక పూజ అయ్యేదాకా వెనుదిరగకూడదు. తిరిగితే మొక్కు చెడినట్టే. జన్మలో రెండోసారి మొక్కే వీలు కూడా లేదు.

నాలుగు వారాలు ఇంటి దగ్గర మగడు ఉన్నాడు. ఐదో వారం అతడు చీరల మూటతో సంతకు పోయాడు. కుక్క వెంటపడి వస్తుందని లసుమవ్వ దాన్ని పందిరి గుంజకు కట్టేసి, బోర్లించవలసినవన్నీ బోర్లించి బయలుదేరింది. దాని నీళ్ళచిప్పతో సహా! అంత ఒద్దికైన ఇల్లాలు కూడా మొక్కు ధ్యాసలో పడి ఆ సంగతే మరిచింది.

గుడికి ఇంకా పదకొండు మెట్లు ఉన్నాయనగా, చంకలోని నీలవ్వ దాహమని సైగ చేసింది. లసుమవ్వకు తాను బోర్లించిన బొల్లిగాడి చిప్ప గుర్తొచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చింది. పొద్దున నీడలో ఉన్న గుంజ ఈపాటికి మండుటెండలో ఉంటుంది.

పైనుంచి పూజారి సాయన్న కేకేశాడు. "ఆగినవేంది బిడ్డా? పదకొండు మెట్లే!"

"మెట్లదేముంది సాయన్నా! బొల్లిగాన్ని కట్టేసి, చిప్ప బోర్లించి వచ్చిన. ఎండకు సస్తడే!"

"పిచ్చిదానా, కుక్క కోసం పిల్ల మాట పోగొట్టుకుంటవా?"

ఆమె గుడి వంక చూసింది, బిడ్డ మొహం చూసింది. కళ్ళనీళ్ళు బొటబొటా రాలాయి. "మాట లేకున్నా నా బిడ్డ నా చంకల ఉంది. వాన్ని కట్టేసింది నేనే గద!" అని గిరుక్కున వెనుదిరిగింది. ఆహా, ఏమి గుండె దిటవు! కన్నబిడ్డ మాట అమ్మవారి చేతిలో ఉందని తెలిసి కూడా ఆ తల్లి మెట్లు దిగి పరుగెత్తింది.

ఇంటి దగ్గర బొల్లిగాడు నాలుక బయటపెట్టి పడి ఉన్నాడు. లసుమవ్వ తాడు కోసి, వాణ్ణి నీడకు లాగి, పొరుగింటి బావి నుంచి నీళ్ళు తెచ్చింది. ఎంత పోసినా వాడు మూతి కదపలేదు. అప్పుడు నీలవ్వ దోసిట్లో నీళ్ళు పట్టి వాడి మూతికి ఆనించింది.

"తాగురా," అంది.

లసుమవ్వ చేతిలో కడవ జారిపోయింది. బొల్లిగాడు కళ్ళు తెరిచి, ఆ చిన్న దోసిలి మెల్లగా నాకాడు.

అంతలోనే సాయన్న రొప్పుతూ గుట్ట దిగి వచ్చాడు. తూర్పుకు చూసే అమ్మవారి మెడ మెట్ల వైపు తిరిగిందట. "నువ్వు దిగిపోతుంటే తల్లి నిన్నే చూసింది బిడ్డా. తప్పు మాట నాది," అని ఆయన లెంపలు వేసుకున్నాడు.

నాటి నుంచి ఆ మొక్కు పద్ధతి మారింది. మంగళవారం ఇల్లంతా శుద్ధి చేసినా, నోరులేనివాళ్ళ చిప్ప మాత్రం నిండుగా ఉంచుతారు. అలా చూసుకునే ఇళ్ళలో పసిపిల్లలకు నోటిమాట చల్లగా ఉంటుందని, పెంపుడు జీవాలు పూర్ణాయుష్షుతో తిరుగుతాయని భక్తుల నమ్మకం.

పూజారి వెనక్కి పంపితే చిన్నబుచ్చుకోకండి. అమ్మ మెడ నేటికీ మెట్ల వైపే తిరిగి ఉంది కాబట్టి, గుడిలో నిలబడ్డవారికి ఆమె ముఖం ఒక పక్కే కనిపిస్తుంది. తమ ఇంటి జీవం కోసం మెట్లు దిగిపోయేవారిని మాత్రం ఆ తల్లి దారి మలుపు దాకా రెండు కళ్ళతోనూ చూస్తుంది.