దివాను గారి ముందు గుర్రాలు

వెనకటికి ఒక సంస్థానంలో పైడయ్య సైకిలు మీద తిరిగి పాలు పోసేవాడు. మూడోసారి కూడా జట్కాబండి గుద్దేసరికి పాలన్నీ మట్టిపాలయ్యాయి. కుంటుకుంటూ వెళ్లి, రోడ్డు వారన సైకిళ్లకు వేరే దారి ఇప్పించమని రాజావారికి మొరపెట్టుకున్నాడు.

పక్కనున్న దివాను గారు మీసం దువ్వుతూ, "తొక్కే నేర్పుంటే వేరే దారెందుకురా?" అన్నారు.

"నిజమే బాబయ్యా. పాపం, తమరి డ్రైవరుకీ నేర్పు చాలదు కాబోలు. గుర్రాల మీద జవాన్లు ముందు పోయి జనాన్ని తప్పిస్తేగానీ కారు కదలదు."

"నోర్ముయ్! మావాడంతటి డ్రైవరు జిల్లాలోనే లేడు. అడ్డొచ్చేవాళ్లకి నేర్పుండొద్దూ?"

"నా బాధా అదే బాబయ్యా," అన్నాడు పైడయ్య.

రాజావారు పడీపడీ నవ్వారు. "దివాను గారూ, దారి వేయించండి. అది పూర్తయ్యేదాకా మీ గుర్రాలు పైడయ్య సైకిలు ముందు పరిగెడతాయి."