మూత తీయని ఫోటో

పిల్లలూ, ఫోటోలో ముఖం మీద పడ్డ దుమ్ము తుడిచేస్తే తప్పా? కాదు కదా. మరి లేని ముక్కు అతికిస్తే? నవ్వకండి. వకుళ చేసింది అదే.

వకుళ నా దగ్గర ఏడో తరగతి చదివింది. ఇప్పుడు ఆదోనిలో మందుల షాపు నడుపుతోంది. ఆకాశం ఫోటోలంటే దానికి పిచ్చి. చిలీ దేశంలో ఒక కొండమీది టెలిస్కోపును ఇంటర్నెట్లో అద్దెకిస్తారట. మనకు తెల్లవారేసరికి అక్కడ రాత్రి. అది పంపిన ఫోటోలను ఇంట్లో కూర్చుని శుభ్రం చేసుకోవాలి. ఆ పని వకుళకు నేర్పిన గురువు ఖుద్దూస్ మాస్టారు.

ఒకసారి ఒక నెబ్యులాను, అంటే నక్షత్రాల మధ్య ఉండే మేఘాన్ని, తీయించింది. మాస్టారు చెప్పినట్టే శుభ్రం చేస్తే మసకగా వచ్చింది. హైదరాబాదులో ఫోటోల ఎగ్జిబిషన్‌కు పంపితే, వాళ్లు "ఇందులో ఏముందమ్మా" అన్నారు. వకుళకు రోషం వచ్చింది. పదునుపెట్టే కొత్త సాఫ్ట్‌వేర్ కొని మళ్లీ చేసింది. మేఘం నిండా దూదిపోగుల్లాంటి తీగలు లేచాయి. ఈసారి వాళ్లు గుమ్మానికెదురుగా, గోడంత ఫోటో పెడతామన్నారు. ఆ గోడ మీద తన ఫోటో ఉండాలన్నది వకుళకు ఎన్నాళ్ల కోరికో.

మాస్టారు చూసి, "ఈ పోగులు ఎక్కడివమ్మా?" అన్నారు.

"ఆకాశంలోవే. మీ పద్ధతికి దొరకలేదు, దీనికి దొరికాయి. అందరూ ఇలాగే చేస్తున్నారు మాస్టారూ. మీరే ఇంకా పాత చేటతో చెరుగుతున్నారు."

మాస్టారు కోప్పడలేదు. ఒక పెన్‌డ్రైవ్ చేతికిచ్చారు. "దీన్ని కూడా నీ పద్ధతిలో చేసి పెట్టు."

అక్కడే కూర్చుని చేసింది. టీ చల్లారేలోపు తెర మీద ఎర్రటి మేఘం విచ్చుకుంది. అంచుల్లో అవే దూదిపోగులు.

"ఎంత బావుందో చూశారా? ఏ నెబ్యులా ఇది?"

"టెలిస్కోపుకు మూత పెట్టి తీసిందమ్మా."

ఇక్కడ కొంచెం చెప్పాలి. నెయ్యి తూచేముందు ఖాళీ గిన్నెకు ధడా కట్టి దాని బరువు తీసేస్తాం చూడండి, ఇదీ అంతే. కెమెరాకు సొంత మరకలుంటాయి. మూత పెట్టి ఒక ఫోటో తీసి, అందులో కనిపించిన మరకలను అసలు ఫోటోలోంచి తీసేస్తారు. ఆ మూత ఫోటోలో ఆకాశం ఇసుమంత కూడా ఉండదు.

అంటే ఆ పోగులు సాఫ్ట్‌వేర్ అల్లినవే. వకుళ అక్కణ్ణుంచే ఎగ్జిబిషన్‌వాళ్లకు ఫోన్ చేసింది.

"ఆ ఫోటో వద్దు. మొదటిది పెట్టండి."

"దాన్నెవరు చూస్తారమ్మా? అయినా ఎవరు అడగొచ్చారు?"

"ఆకాశం ఇచ్చింది అంతే. పెడితే అది పెట్టండి, లేకపోతే గోడ ఖాళీగా ఉంచుకోండి."

వాళ్లు గోడ ఖాళీగా ఉంచలేదు. ఇంకెవరి ఫోటోనో పెట్టారు. వకుళ ఆ మసక ఫోటోకు ఫ్రేము కట్టించి, షాపులో అందరికీ కనబడేలా తగిలించింది.

మాస్టారు బీపీ మాత్రలకని వచ్చిన రోజు, పక్కన మందులకోసం నిలబడ్డాయన వకుళను అడిగాడు. "ఏందక్కా ఇది, అద్దం తుడవలేదా?"

"తుడవాల్సినంత తుడిచినాలే అన్నా. ఇంకా తుడిస్తే అది నా బొమ్మ అవుతుంది."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ఫోటో దగ్గరికి వెళ్లారు. మాత్రలు కౌంటరు మీదే మర్చిపోయి చాలాసేపు నిలబడ్డారు.

"నాకూ ఒక కాపీ ఇవ్వమ్మా," అన్నారు.

సరే, లేవనివ్వండి. చేటలో బియ్యం సగమే ఏరి వచ్చాను.