కొస మట్టి

నవ్వుకోకు. మొదటి మలుపులోనే వెనక్కి తిరిగి, కొసదాకా చూసి వచ్చానని చెప్పే నాలుక నీ నోట్లోనూ ఉంది. నీటికుక్క కథ కదా, నాకేమిటని కాళ్లు చాపుకొని కూర్చున్నావు. ముడుచుకొని విను.

నాపరాళ్ల గుట్ట కింద ఒక మడుగు. దాని అడుగున, నీళ్లలోనే, ఎడమన ఒక బిలం, కుడిన ఒక బిలం. ఎండాకాలం మడుగు ఇంకిపోయేలోగా చేపలన్నీ బిలంలోంచి ఈది గుట్ట లోపలి పెద్ద నీళ్లకు చేరుకోవాలి. వానలకు ఏటా రాళ్లు జారి దారులు మారుతుంటాయి. అందుకని ఎవరో ఒకరు ముందుగా పోయి, బిలం కొసన ఉండే మట్టి తెచ్చి అందరికీ చూపాలి. అది మడుగు కట్టుబాటు.

ఈ ఏడు ఆ పని నీటికుక్క మీసాల ఓబన్న మీదేసుకున్నాడు. పోయినంత వేగంగా తిరిగొచ్చి, చారెడు మట్టి అందరి ముందు పోశాడు.

"ఎడమది పూడిపోయింది. కుడి బిలమే దారి."

కొర్రమీను చుక్కమ్మ ఆ మట్టిని దగ్గరగా చూసింది. ఆమె పొట్ట కింద ఎర్రటి పిల్లలు గుంపుగా కదులుతున్నాయి. కొర్రమీను జాతికి నీటి పైకొచ్చి గాలి పీల్చక తప్పదు. మూసుకుపోయిన బిలంలోకి పిల్లల్ని తీసుకుపోతే, అవి వెనక్కి తిరిగేలోగా ఊపిరి ఆగిపోతుంది.

"ఓబన్నా, ఇందులో గరిక వేరుంది. వెలుతురు సోకని చోట గరిక ఎట్లా మొలిచింది?"

"వరదకు కొట్టుకొచ్చింటుంది. పిల్లల తల్లివి, పిల్లల్ని చూసుకో."

"కొసదాకా పోయినావా?"

"నా మీసం మీద ఒట్టు. పోకుంటే ఈ మీసం ఊడిపోనీ."

"మీసం మీద ఒట్టేసినాక ఇంకేం అడుగుతావులే తల్లీ," అన్నాడు తాబేలు తాత. చేపలన్నీ తలలూపాయి. నమ్మడం తేలిక, అడగడమే కష్టం.

మర్నాడు గుట్టకు మనుషులొచ్చారు. దబ్బపండు రంగు మర ఒకదాన్ని మడుగులో వదిలారు. దానికి తాడు లేదు, పట్టుకున్నవాడు లేడు. తనంతట తానే మునిగి, ముందుకు దీపం వేసుకొని, టిక్కుటిక్కుమంటూ, గోడల నుంచి తిరిగొచ్చే చప్పుడు వింటూ ఎడమ బిలంలోకి పోయింది. చాలాసేపటికి బయటికొచ్చింది. దాని పొట్టకు సున్నంలాంటి తెల్లమట్టి అంటుకొని ఉంది.

ఎడమ బిలం కొసన దొరికే మట్టి అదే. చుక్కమ్మ ఓబన్న వైపు చూసింది.

"కళ్లు లేని బొమ్మ అది," అన్నాడు ఓబన్న. "దానికేం తెలుసు?"

గట్టున ఎండ కాగి వచ్చిన తాబేలు తాత అందుకున్నాడు. "మనుషులు మాట్లాడుకుంటుంటే విన్నా. ఆ మరచేప పోయిన దారంతా పటం గీస్తుందంట. రేపు మళ్లీ దించి సరిచూసుకుంటారంట."

తెల్లారేసరికి ఎడమ బిలం నోటినిండా రాళ్లు.

"నేను చెప్పలా, పూడిపోయిందని," అన్నాడు ఓబన్న. అతని ముందుకాళ్ల గోళ్లు అరిగి ఉన్నాయి. చుక్కమ్మకు ఒళ్లు మండింది. అబద్ధం ఆడినవాడు అక్కడితో ఆగడు. తన మాట నిలవాలని పసిపిల్లల దారికి రాయి అడ్డం పెడతాడు.

మరచేప వచ్చింది. రాళ్ల ముందు ఆగి, టిక్కుమని, పక్కకు జరిగి మళ్లీ టిక్కుమని, పైకి తేలింది. గట్టు మీద ఒక అమ్మాయి చేతిలోని పలక వెలిగింది. "నిన్నటి పటంలో ఇక్కడ దారుంది. ఈ రాళ్లు కొత్తగా పడినవే," అంది. మనుషులు నీళ్లలోకి దిగి ఒక్కొక్క రాయే లాగేశారు.

నిన్నటి సంగతి మడుగులో ఎవరికీ గుర్తుండదని ఓబన్న ధైర్యం. మరకు గుర్తుంటుందని అతనికి తెలియదు.

"అబద్ధం ఆడితే అతికినట్టుండాల నాయనా," అన్నాడు తాబేలు తాత.

ఓబన్న మీసం దువ్వాడు. "ఎడమ బిలం నోరు తెరిచినా లోపల మూతే. కుడిదే దారి."

"అట్లనే ఓబన్నా," అంది చుక్కమ్మ. "మా అందరి ముందర ఇంకొక్కసారి పోయి కొస మట్టి పట్టుకురా. ఈసారి గరిక లేకుండా."

"మొదటి మలుపు దాకా నేనూ తోడొస్తా," అన్నాడు తాబేలు తాత. "ఆడనే కూర్చుంటా. నువ్వు దాటిపో."

మొన్నటిలా మలుపులో ఆగి తిరిగి రావడానికి లేకుండా పోయింది. వద్దంటే మీసం పోయె, పోతే చీకటాయె. ఓబన్న పోయాడు. మలుపు దాటగానే బిలం సన్నబడి, రెండు రాళ్ల నడుమ అతని మూతి ఇరుక్కుంది. ముందుకు దారి లేదు. ఊపిరి చాలడం లేదు. కాళ్లు తన్ని, బలంకొద్దీ తల వెనక్కి గుంజుకున్నాడు.

అతను రొప్పుతూ పైకి తేలేసరికి మరచేప మళ్లీ ఎడమ బిలంలోకి పోతూ ఉంది. దాని దీపం వెనక ఎర్రటి పిల్లలు, వాటి వెనక చుక్కమ్మ, ఆమె వెనక మడుగులోని చేపలన్నీ. ఎవరూ అతన్ని పిలవలేదు. అతని మూతి రెండు పక్కలా నెత్తురు తప్ప ఏమీ లేదు.

చూడని దారి చూశానని చెప్పినవాడు, నమ్మినవాళ్లను చంపబోయినవాడే.

బురదనీళ్లలో నీటికుక్క చేపను మీసంతోనే పసిగడుతుంది. మీసం లేని ఓబన్న, ఆ వరస అందుకోలేక వెనకబడిన నాలుగు చిన్న పరకచేపలు తన పక్కనుంచే పోతున్నా తెలియక, ఇంకిపోతున్న మడుగులో ఎండాకాలమంతా ఒట్టి బురద నమిలాడు.