పెరటి పక్షుల పాపాన్ని తలకెత్తుకున్న శిలవ్రతుడు

పూర్వం త్రేతాయుగం మొదటి పాదంలో, గౌతమీ నది సముద్రంలో కలిసే చోటికి కొంత ఎగువన, శిలవ్రతుడనే ముని తన భార్య నీవారతో కలిసి పర్ణశాల కట్టుకుని కాపురముండేవాడు. కోతలైపోయి, రైతులు పనలు ఇళ్లకు చేర్చుకున్న తరువాత పొలంలో మిగిలిపోయిన కంకులను ఏరి తెచ్చుకుని, వాటితోనే ఏడాదంతా బతకడాన్ని శిలవృత్తి అంటారు. ఆ వృత్తిని విడవకుండా పాటించినందువల్ల ఆయనకు ఆ పేరు వచ్చింది. రాలిన గింజ కాలి కింద కనిపించినా ఆయన వంగి తీసేవాడు కాదు. కంకి మనిషిది, గింజ పక్షిది అనేవాడు.

ఆ దంపతులకు మరొక నియమం ఉండేది. నీవార వంట చేసి దించగానే, శిలవ్రతుడు దేవతలకు నివేదించి, ఒక ముద్ద పక్షులకు బలిగా తీసుకెళ్లి పెరటిలోని బండ మీద పెట్టి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడేవాడు. ఏదో ఒక పక్షి దిగి మెతుకు ముట్టుకున్న తరువాతే ఇద్దరూ విస్తళ్ల ముందు కూర్చునేవారు. పక్షి ముట్టకపోతే ఆ పూట పస్తు. పెళ్లినాడు అగ్ని ఎదుట ఇద్దరూ కలిసి పట్టిన వ్రతం కనుక, ఒకరు విడిచిపెడితే ఇద్దరికీ భంగమే.

అయితే పస్తు ఉండవలసిన అవసరం వారికి ఎన్నడూ రాలేదు. వసంతంలో వేపచెట్టు మీద కోకిల కూస్తూ కూస్తూ కిందికి మాత్రం దిగకపోయినా, కాకి దిగేది. గ్రీష్మంలో నీవార మట్టి మూకుడులో నీళ్లు పోసి బండ పక్కన పెడితే, పికిలిపిట్టలు ముందు మునిగి, రెక్కలు విదిలించి, తరువాత తినేవి. శరత్తులో మబ్బులు విడిపోయిన వారానికి ఖంజరీటాలు అనే కాటుకపిట్టలు వచ్చి, తోక ఆడిస్తూ, అన్నాన్ని చూడనైనా చూడకుండా బండ చుట్టూ పరిగెత్తేవి. వాటి వెనకే పిచ్చుకలు వచ్చేవి. హేమంతంలో చిలుకలు కంకుల మూట కట్టి ఉన్న దూలాన్ని పట్టుకుని తలకిందులుగా వేలాడేవి. శిశిరంలో గువ్వలు ఎండ ముదిరేదాకా ఒకదానికొకటి ఆనుకుని కూర్చుని, అప్పుడు గాని దిగేవి కావు. ఏ పక్షి ఏ నెలలో ఏ కొమ్మ మీద వాలుతుందో ఆ మునికి తెలుసు. వేదం చదువుతూ ఆయన స్వరం తప్పడం ఎవరూ వినలేదు గాని, పాలపిట్ట ఎగిరినప్పుడు చదువు ఆపి తలెత్తేవాడు.

"దేవతలను చూడాలని తపస్సు చేసేవారున్నారు. మనకు బండ మీదికి వస్తున్నారు," అని భార్యతో అనేవాడు.

"వచ్చి మూకుడంతా బురద చేసి పోతున్నారు. దేవతలైతే కాళ్లు కడుక్కుని వస్తారు స్వామీ," అనేది నీవార. అంటూనే మూకుడు తోమి మళ్లీ నీళ్లు పోసేది.

ఒక ఏడు ఆషాఢంలో తొలివాన కురిసి ఆగిన ఉదయాన, శిలవ్రతుడు బండ మీద బలి పెట్టి నిలబడి ఉండగా, ఒక గోరువంక దిగి, అన్నాన్ని దాటిపోయి, పొట్లపాదులో ముక్కు గుచ్చి వానపామును బయటికి లాగింది. వానపాము మెలికలు తిరిగింది. పుట్టినది మొదలు చీమను కూడా తొక్కని ఆ ముని అది చూసి చప్పట్లు కొడుతూ పరిగెత్తాడు. గోరువంక పురుగును వదిలి ఎగిరింది. ఆయన వానపామును ఆకు మీదికి ఎత్తి, మట్టి తవ్వి, అందులో దాచి వెనుదిరిగేసరికి, ఆ గోరువంకే పాదు రెండో కొసన మిడతను పట్టి ఉంది. మళ్లీ తరిమాడు. పక్షి ఈసారి బండ మీదికి దూకి, ముక్కునిండా మెతుకులు తీసుకుని తాటితోపు వైపు వెళ్లిపోయింది.

శిలవ్రతుడు కమండలం తెప్పించి, నీళ్లు దోసిట పట్టి ఇలా పలికాడు:

"పక్షులారా, ఆరు ఋతువుల్లోనూ మీకు అన్నం పెడుతున్నాను. ఆకలి లేనిచోట హింస ఎందుకు? నేటి నుంచి ఈ ప్రాంగణంలో ప్రాణిని చంపిన ముక్కు నా అన్నాన్ని ముట్టలేకపోవుగాక. పాపమున్న ముక్కుకు ఈ బండ అందకుండుగాక."

ఇలా చెప్పి నీళ్లు నేల మీద వదిలాడు. తపస్సు చేసినవాడు నీళ్లతో విడిచిన మాట శాసనమవుతుంది.

మరునాడు బలి పెట్టాడు. గోరువంక వేపకొమ్మ మీదికి వచ్చి, బండ వైపు చూసి, దిగబోయి, గాలిలో గోడ తగిలినట్టు వెనక్కి మళ్లింది. పిచ్చుక వచ్చి అలాగే మళ్లింది. కాకి అరిచి వెళ్లిపోయింది. గింజలే తినే గువ్వలు కూడా, మిగతా పక్షులు దిగని చోట దిగడానికి భయపడి, తోపు దాటి ఎటో పోయాయి. మధ్యాహ్నానికి వాన వచ్చి మెతుకులను కరిగించింది. దంపతులు నీళ్లు తాగి పడుకున్నారు.

ఆ తరువాతి రోజూ అంతే. దాని తరువాతా అంతే. శిలవ్రతుడు తన జపంలో లోపం వెతికాడు, లేదు. బండ కడిగాడు. బలి పెట్టే దిక్కు మార్చాడు. తాను చెప్పిన మాటలో తప్పుందని ఆయనకు తోచలేదు. దయతో చెప్పిన మాట కదా అనుకున్నాడు. నీవార రోజూ వండింది, రోజూ ఆ అన్నాన్ని గౌతమిలో చేపలకు వదిలింది. ఒకనాడు పొయ్యి ఊదడానికి వంగినది తిరిగి లేవలేక, గోడ పట్టుకుని కూర్చుంది.

"నీవు తిను. వ్రతభంగం దోషం నేను పడతాను," అన్నాడు ముని.

"అగ్ని ముందు నా చేయి కూడా పట్టుకునే చెప్పారుగా. అప్పుడు వద్దనలేదు, ఇప్పుడెందుకంటాను?" అంది ఆమె.

ఆ సమయానికి తాటాకు గొడుగు పట్టుకుని ఒక ముసలిది వాకిట్లోకి వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లోకి తొంగిచూసింది.

"ఏమమ్మా, పొయ్యి మీద అన్నం, పొయ్యి పక్కన పస్తు! ఇదెక్కడి వంట?"

శిలవ్రతుడు లేచి నమస్కరించి, "తల్లీ, నీవు అతిథివి. మా నియమం నిన్ను అంటదు. కాళ్లు కడుక్కుని కూర్చో, వడ్డిస్తాము," అన్నాడు.

"ఇంటివాళ్లు ముట్టని అన్నం నేను ముట్టను నాయనా. అందులో ఏం కలిపారో నాకేం తెలుసు?"

నీవార నవ్వింది. "ఏమీ కలపలేదవ్వా. ఉప్పు కూడా లేదు."

ముసలిది గడప మీద కూర్చుని, ఏం జరిగిందో చెప్పమంది. ముని జరిగినదంతా చెప్పాడు. ఆమె వింటూ గొడుగు మీది నీళ్లు విదిలించింది.

"అయితే వానపామును కాపాడావన్నమాట."

"కాపాడాను."

"బాగుంది. ఆ గోరువంక ఎటు పోయింది?"

"వేపచెట్టు దాటి తాటితోపు వైపు. ఈ ఋతువులో ఎప్పుడూ అటే పోతుంది."

"అటు పోయి ఏం చేస్తుంది?"

"అది ఎన్నడూ చూడలేదు," అన్నాడు ముని.

"ఇన్నేళ్లూ నీ అరుగు మీది నుంచి వాటిని చూశావు. నీ బండ మీద ఏ పిట్ట ఎప్పుడు వాలుతుందో నీకు తెలుసు. మరి వాటి ఇంటికి ఒకసారి వెళ్లొచ్చావా? చుట్టాలు ఇన్నిసార్లు వచ్చిపోతే మనమూ ఒకసారి వెళ్లాలిగా! పద."

ముని ఆమె వెంట నడిచాడు. తోపులో తల విరిగిన తాటిమాను ఒకటి ఉంది. దాని తొర్ర మనిషి ఎత్తులో ఉంది. శిలవ్రతుడు లోపలికి చూశాడు. రెండు పిల్లలు అలికిడి విని, తల్లి వచ్చిందనుకుని నోళ్లు తెరిచాయి. మూడోది వాటి కింద చచ్చి ఉంది. ఈకలు రాని దాని గొంతులో మెతుకు అడ్డం పడి, చర్మం లోంచి తెల్లగా కనిపిస్తోంది.

"ఆ రోజు నీవు రెండుసార్లు తరిమావు," అంది ముసలిది. "పురుగు దొరకలేదు. నీ అన్నమే తెచ్చి పెట్టింది. పెద్ద పక్షి అరిగించుకుంటుంది. దీనికి పురుగే పాలు."

పక్క తాటిచెట్టు మట్ట మీద గోరువంక అరిచింది. దాని ముక్కున గొంగళిపురుగు ఉంది. ముని వెనక్కి తప్పుకున్నాడు. అది తొర్రలోకి దూరి, బయటికి వచ్చి, పొలాల వైపు వెళ్లి, ఆయన చూస్తూండగానే మరొక పురుగుతో తిరిగి వచ్చి, దాన్ని రెండో నోట పెట్టి, మళ్లీ వెళ్లింది. వాన మొదలైంది. అది వానలో కూడా వెళ్లింది. తాను చేసిన ఏ హోమంలోనూ ఇంత ఎడతెగని ఆహుతి లేదని ఆ మునికి అనిపించింది.

"తల్లీ, నా మాట తప్పు. కాని నీళ్లతో విడిచాను. వెనక్కి తీసుకోలేను," అన్నాడు.

"మాట నీదే, ముడి నీదే. విప్పుకునేదీ నీవే. కాస్త తొందరగా విప్పుకో నాయనా, నీ ఇల్లాలికి ఇంక ఓపిక లేదు."

శిలవ్రతుడు తిరిగి వచ్చేసరికి నీవార గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. ఆయన ఆమె పక్కన కూర్చుని, చూసినది చెప్పి, ఇలా అన్నాడు: "పాపమున్న ముక్కుకు బండ అందదన్నాను. పాపం ముక్కుకు లేకుండా పోతే మాట నిలుస్తుంది, పక్షీ దిగుతుంది. ఎవరో ఒకరు దాన్ని తీసుకోవాలి. చీమను తొక్కని ఈ జన్మ పుణ్యం దానితో పోతుంది. పోనీ."

"సగం నాది," అంది నీవార కళ్లు తెరవకుండానే.

"నీకెందుకు?"

"వ్రతం ఇద్దరిదైనప్పుడు పాపం ఒక్కరిదెలా అవుతుంది స్వామీ? లేపండి నన్ను."

ఆయన ఆమెను లేవదీసి పెరటిలోకి నడిపించాడు. ఆమె చేతి మీద తన చేయి ఉంచి, నీళ్లు పట్టి, ఇలా పలికాడు:

"సూర్యుడా, వాయువా, భూమీ, వినండి. ఈ ప్రాంగణంలో పక్షి తన పిల్లకోసం తీసిన ప్రాణానికి పాపముంటే, అది పక్షిని అంటకుండుగాక. దానిని నేనూ నా భార్యా తలకెత్తుకుంటున్నాము. నిన్నటిది, నేటిది, ముందు ముందు రాబోయేది కూడా."

నీళ్లు వదిలాడు. తరువాత గునపం తీసుకుని, తాను వానపామును దాచిన పాదునే తిరగవేసి, బలి అన్నం బండ మీద పెట్టి నిలబడ్డాడు.

చాలాసేపటికి గోరువంక వేపకొమ్మ మీదికి వచ్చింది. పాదులోకి దిగి, ముని కాలి దగ్గరే మట్టిలో ముక్కు గుచ్చి, వానపామును లాగింది. ఆయన చేయి కదిలింది. నీవార దాన్ని పట్టుకుంది. పక్షి తోపుకు వెళ్లి వచ్చి, మరొకటి తీసుకెళ్లి, మూడోసారి వచ్చినప్పుడు బండ మీదికి దూకింది. అటూ ఇటూ చూసి, ఒక మెతుకు తీసుకుని మింగింది. అది ఎగిరిన చోటికి పిచ్చుకలు దిగాయి, వాటిని చూసి కాకి దిగింది, కాకిని చూసి గువ్వలు తోపు దాటి వచ్చాయి.

"ఇప్పుడు వడ్డించవచ్చు," అంది ముసలిది వెనకనుంచి.

ముగ్గురూ తిన్నారు. ముసలిది రెండోసారి కూడా అడిగి పెట్టించుకుంది. విస్తరి మడిచి ఆమె లేచి నిలబడేసరికి చూరు మీద, వేప మీద, దూలం మీద ఖాళీ లేకుండా పక్షులు వాలి, అరవకుండా కూర్చున్నాయి. ఆమె దక్షుని కూతురు, కశ్యపుని ఇల్లాలు, కాకులకూ డేగలకూ హంసలకూ చిలుకలకూ మూలమాత అయిన తామ్రాదేవి అని గుర్తించి దంపతులు ఆమె పాదాలకు మొక్కారు.

తామ్ర ఇలా చెప్పింది: "వత్సా, నా సంతానం ముక్కుకు పాపం ఎన్నడూ లేదు. నీ మాట దానికి పాపమని పేరు పెట్టినందువల్లే వాటికి బండ అందలేదు. ఆకలిని పెట్టిన బ్రహ్మ దాన్ని తన లెక్కలోనే వేసుకున్నాడు. నీవు ఈరోజు ఎత్తుకున్నది పాపం కాదు, ఇంటిపెద్ద మోసే బరువు. పుణ్యం తరిగిపోతుందని తెలిసి ఎత్తుకున్నావు గనుక అది రెట్టింపయింది. వరం కోరుకో."

"నేను ఒకసారి మాట విడిచి చూశాను తల్లీ. ఈసారి ఆమె అడుగుతుంది," అన్నాడు శిలవ్రతుడు.

నీవార చేతులు జోడించింది. "అమ్మా, గూట్లో పిల్లలున్న తల్లి మా వ్రతం కోసం పనిమానుకుని రాకూడదు. వచ్చినప్పుడు వస్తాయి, రాలేనప్పుడు మేము తప్పుపట్టకూడదు. అలాగని మేము ఆకలితోనూ ఉండలేమమ్మా, ఈ నాలుగు రోజుల్లో తెలిసిపోయింది."

తామ్రాదేవి నవ్వి, "అలాగే. గూళ్లలో పిల్లలున్న మాసాల్లో, మీ పెరటి మీదుగా ఎగిరిన పక్షి నీడ బండ మీద పడితే చాలు, అన్నం ముట్టినట్టే. పిల్లలకు రెక్కలు వచ్చాక వాటిని తల్లే వెంటబెట్టుకుని వస్తుంది. ఏ ఋతువులోనూ మీ పెరడు శూన్యం కాదు," అని వరమిచ్చి అంతర్ధానమైంది.

ఆ ఏడు శ్రావణం చివర గోరువంక రెండు పిల్లలతో దిగింది. పిల్లలు ఎగరడం నేర్చాయి గాని, తినడం నేర్వలేదు. బండ మీద మెతుకుల మధ్య నిలబడి, తల్లి వైపు తిరిగి నోళ్లు తెరిచాయి. తల్లి ఒక మెతుకు తీసి చూపించి, తానే తినేసింది. నీవార పగలబడి నవ్వింది. శిలవ్రతుడు ఆ పూట వేదం చదవలేదు.

శరత్తులో ఖంజరీటాలు వచ్చాయి, హేమంతంలో చిలుకలు దూలానికి వేలాడాయి. దంపతులు వయసు నిండేదాకా జీవించి, ఉత్తమలోకాలు పొందారు. ఈ కథ విన్న ఇంటి పెరటిలో గూడు కట్టుకున్న తల్లికి పురుగు కరవు కాకుండుగాక. పక్షి నీడ కోసం వేచి ఉన్నవారి అన్నం చల్లారకుండుగాక.