గొంగళిపురుగైన రాజుగారు

వెనకటికి గిరిపురమని ఓ చిన్న రాజ్యం ఉండేది లెండి. దాన్నేలే రణధీర భూపతికి వరుసల పిచ్చి. కోట పక్క తోటలో రకరకాల చెట్లుంటే అన్నీ కొట్టించి, సైన్యంలా బారులు తీర్చి టేకు ఒక్కటే నాటించాడు.

చెట్లెదిగాక ఒక ఏడు గొంగళిపురుగులు పడి ఆకన్నది లేకుండా మేసేశాయి. మరుసటేడు మచ్చుకైనా ఒక్కటి లేదు. మూడో ఏడు మళ్ళీ దండెత్తాయి.

"ఆ పక్కనున్న కలగాపులగపు అడవి నుంచే వస్తున్నాయి. రేపే నరికెయ్యండి!" అన్నాడు రాజు. గొడ్డళ్ళు నూరారు.

ఆ అడవికి కావలి పోలమ్మ. సంగతి వినగానే పరుగున సభకొచ్చి దణ్ణం పెట్టింది.

"మారాజా, నా అడవిలోనూ పురుగుంది. కానీ ఏటా కొంచెమే, మితిమీరదు. ఎందుకో తెలియాలంటే తమరు నాలుగు రోజులు పురుగు కావాలి. తెలియకపోతే అడవితోపాటు నన్నూ సాగనంపండి. అయినా పురుగు కావడం తమవల్ల కాదేమో లెండి."

సభంతా నోరెళ్ళబెట్టింది.

"మావల్ల కానిదేముంది? అయి చూపిస్తాం!" అని మీసం మెలేశాడు రాజు. పాపం!

మొదటిరోజు పోలమ్మ ఇరవై ముంతలు పేర్చి, గడియలోపు మూతలు తీసి నచ్చింది తినమంది. అన్నిట్లోనూ గారెలే! గారెలంటే రాజుగారికి ప్రాణం. ఇరవై ముంతలూ ఊడ్చేశాడు. రెండోరోజు కడుపు పట్టుకుని మూలుగుతూ మంచం దిగలేదు. గారెల పేరెత్తితే కసిరాడు.

మూడోరోజు మళ్ళీ ఇరవై ముంతలు. ఈసారి ఒకదాంట్లో పచ్చి కాకరకాయ, ఒకదాంట్లో వేపాకు, మరోదాంట్లో మిరపకాయలు. గారెలున్నవి మూడే ముంతలు. వెతికి వెతికి రెండు పట్టుకునేసరికి గడియ అయిపోయింది. నాలుగోరోజూ అంతే.

"ఇదేం తిండి పోలమ్మా! ఆకలే తీరలేదు."

"మంచమూ ఎక్కలేదుగా మారాజా! మొదటి ముంతలు తమ టేకుతోట. ఒకనాడు జాతర, మర్నాడు శూన్యం. తరవాతివి నా అడవి. అక్కడ పురుగుకి నచ్చిన చెట్టు వెతుక్కోవడంతోనే సరి. పురుగూ బతికింది, ముంతలూ మిగిలాయి."

రాజు కిటికీలోంచి మోడులైన టేకుచెట్లను చూశాడు. ముంతల వంక చూశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"ఔరా! నిండుసభలో మమ్మల్నే పురుగును చేశావే!"

గొడ్డళ్ళు అడవినొదిలి తోటకు నడిచాయి. టేకు బారుల్లో సందులు చేసి, పోలమ్మ చెప్పిన పాతిక రకాల మొక్కలు నాటారు. ఆమెకు పట్టుచీర పెట్టి, తోట పెత్తనం కూడా అప్పగించాడు రాజు.

అప్పట్నుంచీ ఆయన విస్తట్లో గారెలు రెండే. తాను అడిగినా సరే మూడోది వెయ్యొద్దని వంటవాడికి హుకుం జారీ చేసింది కూడా ఆయనే.